శేషప్ప వేసిన వెచ్చని గచ్చు

బాగలూరు దగ్గరి గులాబీ తోటల కంపెనీలో శేషప్పది బాయిలరు పని. తొంభైల నడుమ ఆ కంపెనీ వచ్చినప్పుడు ఉన్న గొర్రెలు అమ్మేసి అందులో చేరాడు. ప్లాస్టిక్ కప్పిన పెద్ద షెడ్లలో పూలు పెంచేవారు. ఆ వైపు చలికాలంలో మంచు ఎంత దట్టంగా పడుతుందంటే, తెల్లారాక కూడా బస్సులు దీపాలు వేసుకునే వస్తాయి. ఆ చలికి మొగ్గ విచ్చుకోదు. అందుకని బాయిలరులో నీళ్లు కాచి, మొక్కల వరుసల మధ్య నేలబారుగా పోయే గొట్టాల్లోకి వదిలేవారు. నీళ్లు షెడ్డంతా తిరిగి, చల్లారి, మళ్లీ బాయిలరుకే చేరేవి. లోపల పొగ లేదు, చప్పుడు లేదు. పాదాల దగ్గర మొదలైన వెచ్చదనం మెల్లగా ఒళ్లంతా పాకేది. డ్యూటీ ముగిశాక కూడా శేషప్ప ఆ వరుసల మధ్య కాసేపు నిలబడేవాడు. నిలబడినప్పుడల్లా ఇంట్లో ఉన్న అంజనమ్మ గుర్తొచ్చేది.

అంజనమ్మ అతని భార్య. పిల్లలు లేరు. ఆమెకు ఉబ్బసం. చలికాలమంతా గోడకు ఆనుకుని కూర్చునే కునుకు తీసేది. కుంపటి పెడితే పొగకు దగ్గు, తీసేస్తే చలికి ఆయాసం. తలుపులు మూసి నిప్పులు పెట్టుకుంటే ప్రాణానికే ముప్పని హోసూరు డాక్టరు గట్టిగా చెప్పాడు. కరెంటు హీటరు తెస్తే గొంతు ఎండిపోయింది. దాని ముందు మోకాళ్లు కాలేవి, వీపు చల్లగానే ఉండేది. నాలుగడుగులు వేస్తే రొప్పు గనక ఆమె ఎవరింటికీ పోయేది కాదు. మాట్లాడడానికి కూడా ఊపిరి దాచుకునేది. ఒకే గదిలో ఇద్దరున్నా, సాయంత్రమైతే వినబడేవి ఆమె గొంతులోని పిల్లికూతలే.

ఒక ఏడు కంపెనీలో గొట్టాలు మార్చారు. శేషప్ప సూపర్‌వైజరు గోపీనాథ్ దగ్గరికి పోయాడు.

"సార్, తీసేసిన గొట్టాల్లో బాగుండేవి నాకిస్తారా?"

"ఏం చేసుకుంటావప్పా?"

"ఇంట్లో గచ్చు కింద వేస్తాను సార్. మా ఆడామెకు చలి పడదు."

గోపీనాథ్ నవ్వలేదు. "తుప్పు లేనివి ఏరుకో. సిమెంటు వేసే ముందు నీళ్లు నింపి చూడు. ఒక్క చుక్క కారినా తర్వాత అంతా పగలగొట్టాల్సి వస్తుంది" అన్నాడు.

శేషప్ప గది నేల తవ్వి, ఇసుక పరిచి, గొట్టాలను పాము మెలికల్లా వేశాడు. నీళ్లు నింపి, అతుకులన్నీ చేత్తో తడిమి చూశాకే సిమెంటు పోసి, పైన ఎర్రగా నున్నటి గచ్చు తీశాడు. పెరట్లో గది కంటే పల్లంగా గుంత తవ్వి నీళ్లు కాచే డ్రమ్ము పెట్టి, గొట్టాల రెండు కొసలూ దానికి కలిపాడు. కాగిన నీళ్లు తేలికై వాటంతట అవే పైకెక్కుతాయి, చల్లారినవి కిందికి దిగుతాయి. కరెంటు పోయినా ఆగదు. పక్కింటి ఆంజప్ప గోడ మీంచి చూసి, "నేలకు జ్వరమొస్తే మాత్రలు ఎవురిస్తారప్పా" అని నవ్విపోయాడు.

మొదటి రోజు పొద్దు వాలే వేళకు అంజనమ్మ గచ్చు మీద అరచెయ్యి ఆనించి చూసింది. తర్వాత చాప కూడా వేసుకోకుండా కూర్చుంది.

"కాలుతా ఉందా?" అన్నాడు శేషప్ప గడపలోంచి.

"లేదు. పొద్దున ఎండ తగిలిన బండ మాదిరి ఉంది. నువ్వూ రా, ఆడ నిలబడుకోని ఏం చూస్తావు?"

ఆ చలికాలం ఆమె వెల్లకిలా పడుకుని నిద్రపోయింది. నడిరేయికి పెరట్లో కట్టెలు ఆరిపోయినా తెల్లారేదాకా గచ్చు వేడి నిలిచేది. గదిలో ఏ మూల కూర్చున్నా ఒకే వెచ్చదనం. ఉబ్బసం పూర్తిగా పోలేదు గాని, ఊపిరికి వెసులుబాటు దొరికింది. దాచుకున్న మాటలన్నీ బయటికొచ్చాయి. మత్తూరులోని పుట్టింటి సంగతులు, చిన్నప్పుడు తప్పిపోయిన ఆవు సంగతి చెప్పి తనే నవ్వేది. ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషి ఇంత మాటకారి అని శేషప్పకు అప్పుడే తెలిసింది.

అలా కొన్ని చలికాలాలు గడిచాయి. తర్వాత ఒక వానాకాలంలో విషజ్వరం వచ్చి, హోసూరు ఆసుపత్రిలో అంజనమ్మ పోయింది. అది చలి కాదు, ఉబ్బసమూ కాదు. శేషప్ప ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక ఇంటికొచ్చాడు.

ఆ ఏడు మంచు మొదలైన రోజున అలవాటుగా పెరట్లో నిప్పు రాజేశాడు. గచ్చు వేడెక్కింది. లోపలికి పోయి నిలబడితే పాదాలకు హాయిగా తగిలింది. ఆ హాయిని ఓర్చుకోలేకపోయాడు. తలుపు దగ్గరికి వేసి, కంబళి తీసుకుని చల్లని వరండాలో పడుకున్నాడు. మరునాటి నుంచి నిప్పు రాజేయలేదు. పనికి పోయేవాడు, వచ్చేవాడు, తినేవాడు. మాట్లాడక మాట్లాడక, షాపులో ఉప్పు అడగబోతే గొంతు బొంగురుగా వచ్చింది.

మరుసటి ఏడు ఆంజప్ప కోడలు నళిని వచ్చి గడప అవతలే నిలబడింది. వాళ్లు పట్టుపురుగులు పెంచుతారు.

"మామా, చిన్న పురుగులు చలికి ఆకు ముట్టడం లేదు. కుంపటి పెడితే పొగకు చస్తా ఉండాయి. మీ గది ఇస్తారా?"

"అది ఆమె గదమ్మా" అన్నాడు శేషప్ప.

నళిని వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. సాయంత్రానికి చలి ముదిరింది. శేషప్ప కాసేపు అటూ ఇటూ తిరిగి, పెరట్లోకి పోయి నిప్పు రాజేసి, గోడ దగ్గరికి వచ్చి పిలిచాడు.

"నళినమ్మా, పురుగుల తట్టలు తెచ్చుకోండి."

గదిలో తట్టలు వరుసగా పేర్చారు. వేడి ఒకే తీరుగా ఉండేసరికి పురుగులు ఆకు పట్టాయి. పొర విడిచే రోజులను ఈ పక్క జ్వరం అంటారు. ఒక్కో జ్వరం దాటేకొద్దీ అవి లావెక్కాయి. అన్ని పురుగులూ ఒక్కసారిగా ఆకు కొరుకుతుంటే సన్నటి వాన పడుతున్నట్టు ఉండేది. శేషప్ప పని నుంచి వచ్చి తలుపు పక్కన కూర్చుని అది వినేవాడు. నళిని ఆకు వేస్తూ ఏదో ఒకటి అడిగేది. అతను ఒకటి రెండు మాటల్లో బదులిచ్చేవాడు.

పురుగులు పెద్దవయ్యాక తట్టలు సొంత షెడ్డుకు తరలించుకుపోయారు. శేషప్ప రాలిన మల్బరీ కాడలు ఊడ్చాడు. గచ్చు ఇంకా వెచ్చగా ఉంది. చీపురు పక్కన పెట్టి, గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఆమె పోయాక ఆ గదిలో కూర్చోవడం అదే మొదలు. ఏడుపొచ్చింది. ఎవరూ లేరు గనక ఆపుకోలేదు.

మర్నాడు నళిని, పగటి పూట ఆకు వేయడానికి తీసుకున్న గది తాళంచెవి తిరిగి ఇవ్వడానికి వచ్చింది.

"మళ్లా పురుగులు ఎప్పుడమ్మా?"

"నెల పడుతుంది మామా."

"ఈసారి సగం గదిలోనే తట్టలు పెట్టుకోండి" అన్నాడు శేషప్ప. "సగంలో నేను పండుకుంటాను."