మా అత్తయ్యకి మిగిలిన తిట్టు

మా పుట్టింట్లో తిట్టు అనేది ఉండేది కాదు. రాజమండ్రిలో మా నాన్న లెక్కల మాస్టారు. ఆయన లెక్కలో "ఛీ" కూడా బూతే. కోపం బాగా ముదిరితే "ఏమండీ, తమరికి బుద్ధి ఉందాండీ?" అనేవారు, అదీ పదేళ్ళ పిల్లల్ని. నేనూ టీచర్నే అయ్యాను, నా నోరూ అలాగే తయారైంది.

పెళ్ళయి తణుకు దగ్గర పల్లెకి వచ్చాక మా అత్తయ్య నోరు విన్నాను. ఊడ్పుల రోజుల్లో ఆడకూలీల ముఠాని ముందుండి నడిపించిన మనిషి. ఆదివారం చర్చిలో అందరికన్నా గట్టిగా పాడేది, ఇంటికి రాగానే అదే గొంతుతో మేకని తిట్టేది. ఆవిడ తిట్లన్నిటికీ పెద్దక్క "నీ దుంప తెగ". కరెంటు పోతే అదే. పాలు పొంగిపోతే అదే. ఫోన్లో రికార్డు గొంతు లోను కావాలా అని అడిగినా అదే. పెద్దవాళ్ళ దగ్గర మాత్రం మర్యాద తప్పేది కాదు. "మీ దుంప తెగ, కాస్త ఆపండి బాబూ!" అంటూ బస్సు వెనకాల పరిగెత్తడం నేను కళ్ళారా చూశాను. కండక్టరు నవ్వుతూ ఆపించాడు.

నాకు మాత్రం ఒళ్ళు జలదరించేది. దుంప తెగడమంటే వేరుతో సహా పోవడం కదా! మా పాప పుట్టినప్పుడు ఒళ్ళోకి తీసుకుని "నీ దుంప తెగా, ఎంత ముద్దొస్తన్నావే!" అంది.

"అత్తయ్యా, పసిదాన్ని అలా అనకండి" అన్నాను.

"నా తిట్లే తగిలితే ఈపాటికి ఊళ్ళో ఒక్కడన్నా మిగులుతాడేంటే?" అని నవ్వింది. పాపని మళ్ళీ ముద్దు పెట్టుకుంది, మళ్ళీ అదే అంది. ఇంక నేనేం చేస్తాను?

పోయిన ఏడాది ఆవిడకి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ, కాలూ, వాటితో పాటు మాటా పడిపోయాయి. ఆస్పత్రి నుంచి తెచ్చాక ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉండేదంటే, మేక కూడా అనుమానంగా గుమ్మంలోంచి తొంగి చూసేది. మనం అడిగింది ఆవిడకి అర్థమయ్యేది. జవాబు పెదాల దాకా వచ్చి ఆగిపోయేది. కళ్ళమ్మట నీళ్ళు కారేవి.

ఒకరోజు వ్యాయామం చేయించే ఆయన ఆవిడ చెయ్యి కాస్త గట్టిగా వంచాడు. "నీ దుంప తెగ!" అంది, ఒక్క అక్షరం పోకుండా. మా ఆయన వంటింట్లోకి పరిగెత్తుకొచ్చి "అమ్మ తిట్టిందే!" అంటూ ఏడ్చేశారు.

మాటలు నేర్పించడానికి వచ్చే స్పీచ్ థెరపిస్టు అమ్మాయి మాత్రం మరీ పొంగిపోవద్దంది. "తిట్లూ పాటలూ వెతుక్కోకపోయినా వాటంతటవే వచ్చేస్తాయండి. తనకి కావలసిన మాట తనే వెతుక్కుని అనాలి. అది వస్తుందో రాదో ఇప్పుడే చెప్పలేనండి. ఈలోపు ఉన్న మాటని వదలకండి. సగం మీరు అని, మిగతాది ఆవిడ చేత అనిపించండి."

సగం నేను అనాలట! తలుపు వేసుకుని, వీధిలో ఎవరూ లేరని చూసుకుని, "నీ దుంప..." అన్నాను. "తెగ" అంది అత్తయ్య. ఇద్దరికీ నవ్వొచ్చింది. రోజూ స్కూలు నుంచి రాగానే అదే పాఠం. మంచినీళ్ళు కావాలన్నా అదే తిట్టు, దుప్పటి కప్పమన్నా అదే, మనవరాలిని పిలవాలన్నా అదే. గొంతు తీరుని బట్టి నాకు అర్థమైపోయేది. కానీ నెలలు గడిచినా ఇంకో మాట రాలేదు. ఇంత మాటకారి ఈ ఒక్క తిట్టుతోనే బతుకు వెళ్ళదీయాలేమో అని నాకు దిగులు పట్టుకుంది.

ఒక ఆదివారం పాస్టరు గారు ప్రార్థన చేయడానికి వచ్చారు. అవగానే అందరం ఆమేన్ అన్నాం. అత్తయ్య కళ్ళు మూసుకుని భక్తిగా "మీ దుంప తెగ" అంది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆయన మాత్రం "వందనాలమ్మా" అని నవ్వి, టీ తాగి వెళ్ళారు. ఆ కప్పులు కడుగుతుంటే తట్టింది నాకు. "మీ" అంది! ఇన్నాళ్ళూ వచ్చింది "నీ" ఒక్కటే. పాస్టరు గారని మార్చింది. అంటే లోపల ఎక్కడో ఆవిడ మాటలు ఏరుకుంటోంది.

మర్నాటి నుంచి నేను "నీ" అని మాత్రమే అని ఆగేదాన్ని. చాలా రోజులు ఆ తిట్టే వచ్చింది. ఒక సాయంత్రం ఆవిడ కాళ్ళకి కొబ్బరినూనె రాస్తూ "నీ..." అన్నాను. ఆ తిట్టు రాలేదు. తలెత్తి చూశాను. నుదురు ముడిపడింది. పెదవి వంకరపోతోంది. ఎడమ చెయ్యి మెల్లగా వచ్చి నా తల మీద ఆగింది. నేను కదల్లేదు.

"నీ... కడు... కడుపు... సల్లగా."

అవి వాటంతటవి వచ్చిన మాటలు కావు. అన్ని నెలలు వెతికి, ఏరి, నా కోసం తెచ్చినవి. చేతుల నిండా నూనె ఉందని కూడా చూసుకోకుండా మొహం కప్పుకుని ఏడ్చేశాను.