బాపుకు ఉపన్యాసం నేర్పిన వారం

డిగ్రీ రెండో సంవత్సరంలో మా కాలేజీ నాకు నాలుగు కొత్త చదువులు అంటగట్టింది: వ్యక్తిత్వ వికాసం, సోషియాలజీ, స్పానిష్, పబ్లిక్ స్పీకింగ్. గోదావరిఖనిలో స్పానిష్ ఎవరితో మాట్లాడతావని అందరూ అడిగేవారు. చాయ్ తెచ్చిచ్చిన అమ్మకు మాత్రం రోజూ థాంక్స్‌కు బదులు "గ్రాసియాస్" అనేదాన్ని. "ఏ భాషల చెప్పినా కప్పు నువ్వే కడగాలె" అనేది అమ్మ.

నాకు అచ్చొచ్చింది పబ్లిక్ స్పీకింగ్. క్లాసులో అందరికంటే ఎక్కువ మార్కులు నాకే పడ్డాయి. ఇంకేముంది, కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, పాలాయనతో మాట్లాడినా ముందు నమస్కారం, తర్వాత విషయం, చివర ముగింపు.

సరిగ్గా అప్పుడే మా బాపు, అంటే మా నాన్న, రిటైర్మెంటు దగ్గరపడింది. మా దిక్కు బొగ్గు గనిని బాయి అంటారు. బాపు అందులో సర్దారు. తన వెంట దిగిన మనుషులకు ఆయనదే పూచీ. పైకప్పును కట్టెతో తట్టి చూసి, గట్టిగా ఉందని నమ్మకం కుదిరాకే వాళ్లను పనిలోకి పంపేవాడు. రిటైరైన రోజు బాయి దగ్గరే షామియానా వేసి, దండేసి, శాలువా కప్పి, "రెండు మాటలు మాట్లాడు" అంటారు. ఆ రెండు మాటలే బాపుకు గుండెల్లో రాయిలా పడ్డాయి. అంతకు ముందు నెల ఆయన దోస్తు ఒకాయన మైకు పట్టుకుని, చెమటలు కక్కి, ఒక్క ముక్క రాక కూలబడ్డాడు. కాలనీ అంతా ఇంకా నవ్వుతూనే ఉంది.

"ఇన్నేండ్ల ఇజ్జత్ రెండు నిమిషాలల్ల పోతది బిడ్డా" అన్నాడు బాపు, అన్నం కలుపుతూ.

"ఫికర్ చెయ్యకు బాపూ, నేనున్న గద!" అన్నాను.

ఆ రోజే ఉపన్యాసం రాసేశాను. మొదట ఒక ప్రశ్న, తర్వాత మూడు ముచ్చట్లు, చివర ధన్యవాదాలు, అన్నీ మా మేడమ్ చెప్పినట్టే. సాయంత్రం క్వార్టర్ ముందు కుర్చీ వేసుక్కూర్చుని బాపును నిలబెట్టాను. మొదటి సూత్రం, ఎదుటివాళ్ల కళ్లలోకి చూడాలి. బాపు మొదలుపెట్టాడు. చూపు మాత్రం నా భుజం మీదుగా పక్కింటి గోడ మీదికి పోయింది. మళ్లీ చెప్పించాను, మళ్లీ గోడే. మూడు రోజులు అదే తంతు. వ్యక్తిత్వ వికాసం నోట్సు తిరగేసి, ఆత్మవిశ్వాసం లోపించిందని తేల్చేశాను.

అదే మాట మొహం మీద అనేసరికి బాపుకు కోపమొచ్చింది.

"భయం కాదు, ఏం కాదు. బాయిల నెత్తి మీద లైటుంటది. మొఖం చూసి మాట్లాడితే ఎదుటోని కండ్లల్ల వెలుగు కొడ్తది, వానికేం కనవడది. అందుకే తల పక్కకు తిప్పి మాట్లాడాలె. ఆడ గదే మర్యాద."

వంటింట్లోంచి అమ్మ గరిటెతోనే బయటికొచ్చింది. "గీ ముచ్చట పెండ్లైన కొత్తల చెప్పొద్దా? నా మొఖం నచ్చలేదేమో అనుకున్న ఇన్నేండ్లు!"

బాపు తల తిప్పి అమ్మను సూటిగా చూశాడు. అమ్మ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని లోపలికి పోయింది.

నేను నవ్వాను గానీ సిగ్గేసింది. సోషియాలజీలో మనుషుల అలవాట్ల మీద పేజీలకు పేజీలు రాసిన దాన్ని, పుట్టినప్పటి నుంచి చూస్తున్న మా బాపును ఆ ఒక్క మాట అడగలేదు. తాతకు దగ్గులు నేర్పినట్టే అయింది నా పాఠం. అయినా ఆ కాగితం చింపలేదు. నా రాత మీద నాకంత ప్రేమ మరి.

ఆ రోజు రానే వచ్చింది. దండ పడింది, శాలువా పడింది, మైకు చేతికొచ్చింది. బాపు జేబులోంచి నా కాగితం తీసి చదివాడు.

"మిత్రులారా, జీవితం అంటే ఏమిటి?"

"నువ్వే చెప్పాలె సర్దార్ కాకా!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. షామియానా అంతా గొల్లున నవ్వింది. బాపు ఆగిపోయాడు. నేను అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకున్నాను. ఆ ప్రశ్న రాసిన నన్ను నేనే తిట్టుకున్నాను.

బాపు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. తల పక్కకు తిప్పాడు. అప్పుడు చూశాను, ముందు వరుసల్లో కూర్చున్న బాయి పనివాళ్లు కూడా తలలు పక్కకు పెట్టే వింటున్నారు.

"ఇన్నేండ్లల్ల నా ఎంబడి దిగినోళ్లందరు నా ఎంబడే మీదికొచ్చిన్రు" అన్నాడు బాపు. "గంతే."

మైకు ఇచ్చేసి కూర్చున్నాడు.

మా మేడమ్ చెప్పిన సూత్రం ఒక్కటీ అందులో లేదు. మా పక్కన ఆడవాళ్ల వరుసలో, బాపు వెంట దిగినవాళ్ల భార్యలు కూర్చున్నారు. చప్పట్లు కొడుతూ ముందు లేచి నిలబడింది వాళ్లే.