రజియా మేడం తీసిన సూర్యుడు

ఈ ఉదయం మా మిద్దె మీద టెలిస్కోపు మూతికి ఫిల్టరు తొడుగుతుంటే, దాని వెండిరంగు పొర గాలికి బిస్కట్ ప్యాకెట్టులా చిటపటమంది. ఆ చప్పుడు చెవిన పడిన ప్రతిసారీ నాకు రజియా మేడం గుర్తొస్తుంది. గుర్తు రావడమంటే ప్రేమగా, తియ్యగా రావడం కాదు. ముందు గొంతులో ఒక మంట లేస్తుంది. ఆ తర్వాతే ఆమె ముఖం కనిపిస్తుంది. ఆమె పోయి మూడేళ్లయినా ఈ వరస మారలేదు.

ఆమె గద్వాలలో ప్రభుత్వ బడిలో లెక్కలు చెప్పేది. నాకు ఫోటో స్టూడియో ఉంది. మా నాన్న మగ్గం మీద చీరలు నేసినా నాకు ఆ ఓపిక రాలేదు. పెళ్లిళ్ల ఫోటోల్లో మాత్రం ఈ చుట్టుపక్కల నన్ను మించినవాడు లేడని నాకు గట్టి నమ్మకం. ఒక సాయంత్రం ఆమె పెన్‌డ్రైవ్ పట్టుకొని వచ్చి, పెద్ద ప్రింటు కావాలంది. తెరచి చూస్తే నల్లటి తెర మీద తెల్లటి గుండ్రం, దాని మీద అక్కడక్కడా నల్ల చుక్కలు. లెన్సుకు దుమ్ము పట్టింది పాపం అనుకున్నాను. పెళ్లికూతుళ్ల మొటిమలు చెరిపే చెయ్యి కదా, అయిదు నిమిషాల్లో అన్ని చుక్కలూ చెరిపేసి, ప్రింటు తీసి చేతిలో పెట్టాను.

"మచ్చలు మొత్తం తీసేసిన మేడం. ఇప్పుడు చూడుండ్రి, ఎంత నీట్‌గ ఉందో."

ఆమె ఆ ప్రింటును చాలాసేపు చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టి, నిలబడలేక స్టూలు మీద కూలబడింది. "ఇది సూర్యుడు, నర్సింలూ. అవి సూర్యుని మీది మచ్చలు. వాట్ల పెద్దయి మన భూమి కంటె పెద్దగుంటయ్. ఎన్ని భూములు తుడిచేసినవ్ నాయినా?"

నేను కూడా నవ్వాను గానీ, ఆ రాత్రి అన్నం సహించలేదు. ఇరవై ఏళ్లుగా కెమెరా పట్టినవాణ్ని, ఒక లెక్కల టీచరు తీసిన ఫోటో ఏమిటో గుర్తుపట్టలేకపోయాను. అవమానం ఒక ఎత్తు. ఆ చుక్కలను మళ్లీ పెద్దవి చేసి చూసినప్పుడు కలిగిన బాధ ఇంకో ఎత్తు. నల్లటి నడిమి భాగం, దాని చుట్టూ పూరేకుల్లాంటి సన్నటి గీతలు. నా జీవితంలో నేనెప్పుడూ అంత మంచి ఫోటో తీయలేదని నాకు వెంటనే తెలిసిపోయింది.

ఆదివారం నా ఖరీదైన కెమెరా భుజానికి తగిలించుకొని ఆమె ఇంటికి వెళ్లాను. నేర్చుకోవడానికి అని చెప్పాను. నిజానికి ఆమెను దాటిపోవడానికి వెళ్లాను. మిద్దె మీద ఐదంగుళాల టెలిస్కోపు, ఎవరో వాడి అమ్మినది. ఆమె కెమెరా నా దాని ముందు ఆటబొమ్మ. ముందు ఫిల్టరును ఎండకు ఎత్తి, ఎక్కడైనా సూదిమొనంత చిల్లు ఉందేమోనని వెతికింది. "కన్ను పోతె మళ్ల రాదు" అంటూ అది బిగించి నాకు చోటిచ్చింది. అప్పటికి పది దాటింది. నేను తీసినవన్నీ మరిగే పాల మీద తేలిన చుక్కల్లా వణికిపోయాయి.

"పొద్దెక్కితె గాలి ఉడుకుతది," అంది ఆమె. "కెమెరా తప్పు గాదు. నువ్వు లేచిన యాళ్ల తప్పు."

అప్పటి నుంచి పొద్దున్నే లేవడం నేర్చుకున్నాను. ఎండకాలం మిద్దె మీద నీళ్లు చల్లి వేడి దించడం, వేల ఫ్రేములు తీసి, గాలి నిలిచిన క్షణంలో పడ్డ కొన్నింటినే ఏరి ఒక ఫోటోగా కలపడం, ప్రతి ఫోటో కింద తేదీ, సమయం, ఆకాశం ఎలా ఉందో రాయడం, అన్నీ ఆమె దగ్గరే నేర్చుకున్నాను. ఏదీ దాచుకోలేదామె. దాచుకొని ఉంటే నాకు సుఖంగా ఉండేది. ఎవరైనా నన్ను మెచ్చుకుంటే "మేడంవి చూసినవా?" అని వెంటనే అడిగేవారు. ఆ మాట వినీ వినీ చెవులు కాలిపోయేవి.

ఒకసారి ఇద్దరం బీచుపల్లికి వెళ్లాం. కృష్ణ ఒడ్డున, నీళ్ల మీద గాలి నెమ్మదిగా ఉంటుందని ఆమె లెక్క. ముందు నేను తీశాను. పదిహేను నిమిషాల్లో కార్డు నింపేశాను. తర్వాత ఆమె వంతు. ఆమె తీయనే లేదు. చేతులు ఒళ్లో పెట్టుకొని తెరవైపు చూస్తూ ముప్పావుగంట కూర్చుంది. గుడికి వచ్చినవాళ్లు ఆగి చూసి పోతున్నారు. నాకు విసుగొచ్చి టీ తాగడానికి పోయాను. తిరిగి వచ్చేసరికి ఆమె తీయడం అయిపోయింది. ఆ సాయంత్రం నా కంప్యూటరు మీదే ఆ ఫోటో తేలింది. అక్కడ ఉడికే వాయువు సూర్యుని ఒళ్లంతా నూకలు ఆరబోసినట్టు సన్నటి గింజలుగా కనిపించింది. నా దాంట్లో సున్నం కొట్టిన గోడ.

"మస్తుంది మేడం," అన్నాను. నా ఫోటోను తెర మీంచి మూసేశాను.

ఆ తర్వాతి ఏడాది ఆమెకు పిత్తాశయంలో రాళ్లని వనపర్తి దవాఖానలో ఆపరేషన్ చేశారు. దానికి ఐదు రోజుల ముందే సూర్యుని అంచు మీదుగా పెద్ద మచ్చల గుంపు ఒకటి లోపలికి వచ్చింది. అది ఈ చివర నుంచి ఆ చివరకు పోవడానికి పదమూడు రోజుల దాకా పడుతుంది. రోజుకొక ఫోటో తీసి, నాగర్‌కర్నూల్లో పిల్లల సైన్సు ప్రదర్శనలో వరుసగా పెట్టాలని ఆమె కోరిక. ఐదు రోజులు తాను తీసి, మిద్దె తాళంచెవి నాకిచ్చింది. "నాలుగు దినాలు నువ్వు తియ్యి నర్సింలూ. నడుమ తెగొద్దు."

రెండు రోజులు తీశాను. మూడో రోజు మచ్చలు నడిమికి వచ్చాయి. ఆకాశం కడిగినట్టుంది, గాలి కదలడం లేదు. అంత నిలకడైన సూర్యుణ్ని నేనెన్నడూ చూడలేదు. నొక్కడమే తరువాయి. అప్పుడనిపించింది, ఇది ఎంత బాగా వచ్చినా మేడం వరుసలో ఒకటి అవుతుంది, అందరూ ఆమెనే పొగుడుతారు. టెలిస్కోపుకు మూత పెట్టేసి కిందికి దిగాను. ఫోను చేసి, "మొత్తం మబ్బు మేడం," అన్నాను.

"అట్లనా," అంది. అంతే.

నాలుగో రోజు మళ్లీ తీశాను. ఆమె ఇంటికి వచ్చి, మిగిలిన రోజులవి తానే తీసి, కోలుకున్నాక ఫోటోలన్నీ నేల మీద పరిచింది. నడుమ ఒక ఖాళీ. "ఇక్కడ ఏం రాద్దాం?" అని అడిగింది.

"మబ్బు అని రాయుండ్రి."

ఆమె పెన్ను మూసింది. "ఆ పొద్దున దవాఖాన కిటికీలకెంచి ఎండ నా మంచం మీద పడ్డది. పరదా వెయ్యమని నర్సమ్మకు రెండుసార్లు చెప్పిన."

గద్వాలకూ వనపర్తికీ మధ్య దూరం ఉంది, అక్కడి ఎండ ఇక్కడ ఉండాలని లేదు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఆమె కళ్లలోకి చూస్తూ అనలేకపోయాను. "మీరంటె నాకు కుళ్లు మేడం," అన్నాను. "మొదటి దినం నుంచి."

"తెల్సు," అంది ఆమె. ఆశ్చర్యం లేదు, కోపం ఉంది. "నన్ను చూసి ఎంతన్న కుళ్లుకో, నాకేం పరేషాన్ లేదు. మబ్బు లేని దినం మబ్బుందని మాత్రం చెప్పకు. మంచిగున్న పొద్దు మళ్ల రాదు."

ఖాళీ కింద ఆమే రాసింది: ఆకాశం నిర్మలం, ఫోటో తీయలేదు. నాగర్‌కర్నూల్లో ఆ ఖాళీని అలాగే గోడకు పెట్టింది. ఒక పిల్ల అడిగింది, "ఎండ ఉండంగ ఎందుకు తియ్యలేదు మేడం?" నేను వెనకే నిలబడి ఉన్నాను. "తీసేటాయనకు ఆ దినం మనసు బాగలేకుండె బిడ్డా," అని ఆమె పక్క ఫోటో దగ్గరికి నడిచింది. నన్ను అలా కాపాడగలిగినందుకు కూడా ఆమె మీద నాకు ఈర్ష్య కలిగింది. ఊరికి చేరాక తాళంచెవి మళ్లీ నా చేతిలోనే పెట్టింది.

తర్వాత రెండేళ్లకు ఆమె గుండెపోటుతో పోయింది. టెలిస్కోపును ఆమె తమ్ముడు బడికి ఇచ్చాడు. నాకివ్వలేదని కొన్నాళ్లు బడి మీద కూడా ఏడ్చాను. చివరికి నాదంటూ ఒకటి కొనుక్కున్నాను. పోయిన నెల, బీచుపల్లిలో, ఎట్టకేలకు నా సూర్యుని మీద కూడా గింజలు లేచాయి. స్టూడియోలో కూర్చొని చాలాసేపు దాన్నే చూశాను. చూపించాలనుకున్న మనిషి ఒక్కరే. ఆమె లేదు. నా ఫోటో చూసి ఒక్కసారైనా ఆమె కుళ్లుకోవాలని ఇన్నేళ్లూ ఆశపడ్డానని అప్పుడు అర్థమైంది.

కన్నీళ్లు తుడుచుకొని, ఆమె ఫోటో తెరిచి నా దాని పక్కన పెట్టాను. ఆమె గింజల మధ్య సందులు స్పష్టంగా, ఒక్కొక్కటి లెక్కపెట్టేలా ఉన్నాయి. నావి కాస్త ముద్దగా ఉన్నాయి. ఒళ్లు మండిపోయింది. షట్టరు దించి ఇంటికి వెళ్లి, పొద్దున ఐదింటికి అలారం పెట్టుకొని పడుకున్నాను.