పిట్ట ముట్టిన స్వీటు

దయ్యాలంటే నాకు నవ్వు. ట్యూషన్‌లో సైన్సు చెప్పేదాన్ని, ఏ పిల్లాడైనా దయ్యం కథ ఎత్తుకుంటే ముందు హోంవర్క్ చూపించమంటాను. ఇప్పటికీ అంతే. అయినా కిందటేడు గోదావరిఖనిలో మా క్వార్టర్‌లో జరిగింది ఎవరికైనా చెప్పుకోవాలనిపిస్తోంది.

మా మామ బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాడు. షుగర్ ముదిరి చనిపోయాడు. మా వైపు మూడో రోజు, పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తట్లో వడ్డించి పిట్టకు పెడతాం. కాకి ముడితే ఆ మనిషికి తృప్తి కలిగినట్టు. మటన్, కల్లు, బీడీలు, అన్నీ పెట్టాం. ఎండ నడినెత్తికి వచ్చినా కాకి దిగలేదు. చివరికి అన్నం మాత్రం ఆవుకు పెట్టి వచ్చేశాం.

ఆ రోజు నుంచి అత్తమ్మకు మనసు కుదుటపడలేదు. ఏం కోరిక మిగిలిపోయిందో అని ఒకటే బాధ. రోజూ తినేముందు గోడ మీద ఒక ముద్ద పెట్టి చూసేది. ఉడుతలు తినేవి, గోరింకలు తినేవి, కాకి మాత్రం రాదు. ఆమె కూడా సగం తిని కంచం జరిపేసేది. మనిషి చిక్కి సగమైంది. నాకు భయమూ వేసేది, కోపమూ వచ్చేది.

ట్యూషన్ పిల్లలు హాలోవీన్ పార్టీ అన్నారు. ‘మేడం, సమాధుల స్వీటు చెయ్యాలె’ అని ఫోన్‌లో వీడియో చూపించారు. పెద్దలకు పెట్టుకునే పెత్రమాస అయిపోయి, బతుకమ్మ ఆడి అలసిపోయిన మాకు ఇదొక్కటే తక్కువైంది అనుకుంటూనే ఒప్పుకున్నాను.

లోతు గిన్నెలో కస్టర్డ్ పోసి, పైన చాక్లెట్ బిస్కెట్ల పొడి మట్టిలా పరిచాను. బిస్కెట్లు నిలబెడితే సమాధి రాళ్లు. క్రీముతో దయ్యాలు, వాటి కళ్లకు నల్ల నువ్వులు. అత్తమ్మ తొంగి చూసి, ‘మీ మామ పనిచేసిన బాయి లెక్కనే ఉన్నది’ అంది. నవ్వి చాన్నాళ్లయిన మనిషి, కొంచెం నవ్వింది.

గిన్నె ఫ్రిజ్‌లో పట్టలేదు. వెనక కటకటాల వరండాలో చల్లటి నీళ్ల టబ్బులో దించి, పైన బరువైన ఇత్తడి పళ్లెం మూత పెట్టాను. వరండాలోంచి పెరట్లోకి వెళ్లే తలుపుకు లోపల గడియ వేశాను. మా ఆయన డ్యూటీలో ఉన్నాడు. అత్తమ్మా నేనూ ముందు గదిలో చాప మీద ఒరిగాం. ఎండ పల్చగా లోపలికి పడుతోంది. మెలకువో నిద్రో తెలియడం లేదు. షిఫ్టు దిగి వచ్చిన మనిషి చొక్కా వాసన, ఆ తడి బొగ్గు వాసన, పక్క నుంచి నడిచి వెళ్లినట్టనిపించింది. కలే అనుకున్నాను. చూస్తే అత్తమ్మ అప్పటికే లేచి కూర్చుని వరండా వైపు చూస్తోంది.

ఇద్దరం లేచి వెనక గుమ్మం దాకా వెళ్లాం. గిన్నె అంచు మీద కాకి. ఒక పక్క నుంచి నెమ్మదిగా తింటోంది. పళ్లెం గోడకు ఆనించి ఉంది.

అప్పుడే ఓపెన్‌కాస్ట్ గనిలో బ్లాస్టింగ్ అయింది. కిటికీలు అదిరాయి. రోజూ లేచినట్టే వేపచెట్టు మీది పక్షులన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. ఈ కాకి తల కూడా ఎత్తలేదు.

అత్తమ్మ గుమ్మంలోనే కూలబడింది. ‘షుగరున్నదని తీపి పెట్టకపోతిని గదయ్యా’ అంది. ‘సచ్చినంక గూడ పెట్టకపోతి. తిను, ఇగ తిను.’

నిజమే. ఆయన బతికున్నన్నాళ్లూ అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినా తిననివ్వదు అన్నట్టే ఉండేది ఈమె. ఇంట్లో బెల్లం దాచేది, హోటల్‌కు వెళ్లి ఆయన టీలో చక్కెర వెయ్యొద్దని చెప్పి వచ్చేది. ఆ అలవాటులోనే పిట్టకు పెట్టిన విస్తట్లో కూడా మేమెవరం తీపి పెట్టలేదు. ఇన్నాళ్లూ ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు.

కాకి తీపి తినడంలో వింతేం లేదు. పళ్లెం బ్లాస్టింగ్‌కు జారిందనుకుందామంటే, పేలింది ఆ తర్వాత. జారినా కింద పడి మోగాలి, చక్కగా గోడకు ఆని నిలబడదు. తలుపు గడియ వేసినట్టే ఉంది.

పిల్లలకు ఐస్‌క్రీం తెప్పించి సరిపెట్టాను. ఎందుకంటే కాకి ఎగిరిపోయాక అత్తమ్మ ఆ గిన్నె ఒళ్లో పెట్టుకుంది. అది తిన్న చోటి నుంచే చేత్తో తీసుకుని తింది. నేను వద్దనలేదు. ఆ రాత్రి కంచం ఖాళీ చేసి, ‘ఇంకింత పెట్టు బిడ్డా’ అంది.