రోకలితో కరెంటు పాఠం

తొంభైల్లో మేం పాడేరులో ఉండేవాళ్లం. వోల్టేజీ చాలక సాయంత్రాలు బల్బు నిప్పుకణికలా ఉండేది. ఒక వానరోజు మావారు తడినేల మీద వట్టికాళ్లతో నిలబడి ఊడిన వైరు సరిచేయబోయారు.

“మెయిన్ కట్టేయండి. వోల్టేజీ తక్కువైనా, తడి ఒంట్లోంచి కరెంటు సులువుగా పారుతుంది” అన్నాను.

“బల్బునే వెలిగించలేనిది నన్నేం చేస్తుంది? నీ బీఎస్సీ పాఠం ఆపు” అంటూ పట్టుకున్నారు. చెయ్యి వైరుకు అతుక్కుపోయింది. నేను కేకపెట్టి, మూలనున్న ఎండు రోకలితో ఆ చేతిమీద బలంగా కొట్టాను. వైరు వదిలి కూలబడ్డారు.

కేక విని వచ్చిన పక్కింటి అప్పలమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. “ఏటమ్మా, మొగుడ్ని రోకలెట్టి బాదేత్తన్నావు?”

“తప్పు నాదేలే అప్పలమ్మా” అన్నారు మావారు వణుకుతూ. ఆవిడ ఆయనకేసి జాలిగా చూసింది.

మర్నాడు సంతలో ఆడవాళ్లు పక్కకి తప్పుకుని నాకు దారిచ్చారు. మనిషి దక్కాడు కదా అని, జీవితంలో మొదటిసారి ఎవరితోనూ వాదించలేదు.