తూములో తిరిగిన కవ్వం

రెండు ఇళ్ళ పరువును గోడ బెజ్జంలోంచి సందులోకి తోసెయ్యడానికి ఎంతసేపు పడుతుందో మీకు తెలుసా? నాకు తెలుసు. ఎసట్లో బియ్యం ఉడికేంత సేపు చాలు. ముందే చెబుతున్నాను, చేతిలో మజ్జిగ లోటా ఉంటే పక్కన పెట్టి చదవండి.

అప్పుడు నేను మార్కాపురంలో కొత్త కోడల్ని. మద్రాసులో దొరలు ఏలేవాళ్ళు, మా ఇంట్లో మా అత్త ఏలేది. దొరలకైనా పైన ఇంకో రాజు ఉన్నాడు, మా అత్తకు ఎవరూ లేరు.

మర్నాటి నుంచి ఆషాఢం. ఆ నెల అత్తా కొత్త కోడలూ ఒకే గడప దాటకూడదు గదా, నన్ను పుట్టింటికి తీసుకుపోవడానికి మా నాయన దొనకొండ నుంచి రైల్లో వస్తున్నాడు. నేను తెల్లారకముందే మూట కట్టుకుని కూర్చున్నాను. సరిగ్గా ఆ పొద్దే జలదారి పొంగింది. అంట్లు తోముకుని, కాళ్ళు కడుక్కునే ఆ పలకరాళ్ళ మీది నీళ్ళు గోడ కింది తూములోంచి వెనక సందులోకి పోవాలి. పోతేనా! బూడిద, కొబ్బరిపీచు, నా జడ వెంట్రుకలు కలిసి తూములో కాపురం పెట్టాయి.

“ఏందే ఇది, చెరువా?” అంది అత్త. “తూము పారినాకనే నువ్వు బండెక్కేది. లేకుంటే ఆషాఢమంతా కురిచేడులో మా ఆడబిడ్డ ఇంట్లో ఉందువులే.”

ఆ కురిచేడు ఆమె గురించి ఒక్క ముక్క చెబుతాను, చాలు. ఆమె ఇంట్లో కుక్క కూడా అడిగి మొరిగేది.

చీపురుపుల్లలు పొడిచాను, వంగిపోయాయి. కందికట్టె దూర్చాను, సగం నా చేతిలో, సగం తూములో. ఏడుపుమొహంతో అటూ ఇటూ చూస్తే గుంజకు ఆనించిన కవ్వం కనబడింది. పొడుగాటి కర్ర, చివర పువ్వులాంటి తల. పెరుగు చిలికితే వెన్న తేలుతుంది, మురుగు చిలికితే దారి తేలదా?

అత్త దొడ్లో బర్రెకు గడ్డి వేస్తోంది. కవ్వం తలకు ఈతముళ్ళు కొక్కేల్లాగా కట్టి, తూములో దూర్చి, కర్రను అరచేతుల మధ్య పెట్టుకుని చిలికాను చూడండీ! అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. అడుసు చిలకొద్దని ఎవరూ అనలేదు గదా. గుడగుడ, బుడుంగు! చెరువు ఒక్క గుక్కలో దిగిపోయింది. గోడ అవతల ఎవరో “యా అల్లా” అన్నట్టు వినబడింది. గెలిచినవాళ్ళకు చెవులు పనిచెయ్యవు.

ముళ్ళు పీకేసి, కవ్వం కడిగేసి, గుంజకు ఆనించేశాను. దొనకొండ నుంచి కొత్తది తెచ్చి మార్చేద్దామని నా ఉపాయం.

అంతలో నాయన దిగాడు. జలదారిలో కాళ్ళు కడుక్కుంటే నీళ్ళు సర్రున పోయాయి.

“నీ కూతురే బాగుచేసింది అన్నా, బంగారు!” అంది అత్త. నాయన మీసం మీదికి చెయ్యి పోయింది. నా కడుపు నిండింది. ఆ సంబరంలో అత్త ఏం చేసింది? పెరుగుకుండ ముందు పెట్టుకుని, తనే కూర్చుని, కవ్వం అందుకుంది.

“అత్తా, మజ్జిగొద్దు! మా నాయనకు పడదు.”

“ఎవురు చెప్పినారే? సల్ల లేకుంటే నాకు ముద్దే దిగదు” అన్నాడు నాయన.

“నీకు జలుబు చేసింది గదా నాయనా!”

“ఎప్పుడే?”

“ఇప్పుడు చేస్తాది.”

“ఎండన పడొచ్చిన మనిషిని సల్ల తాగనియ్యవేందే?” అని అత్త తాడు లాగింది. అటొక లాగు, ఇటొక లాగు. “ఈ పొద్దు వెన్న భలే పడిందన్నా” అని వేలితో తీసి నాకింది కూడా. నాయన ఒక లోటా గటగటా తాగి, రెండోది ఎత్తాడు.

అప్పుడొచ్చింది వెనక సందు బీబమ్మ. చల్లకొచ్చి ముంత దాచే రకం కాదు.

“వదినా! పొద్దున మీ గోడలోంచి కవ్వం తలకాయ బయటికొచ్చి గిరగిరా తిరిగిందే! దెయ్యమేమో అని జడుసుకుంటి. చూస్తే మీ తూము ఎంత బాగ పారతా ఉండాది! ఆ కవ్వం ఒకపాలి ఇయ్యి, మా తూము కూడా కట్టుకుపోయింది.”

నోటిదాకా వచ్చిన లోటా అక్కడే ఆగింది. నాయన అందులోకి చూశాడు, నావైపు చూశాడు.

“కడిగినావా బిడ్డా?”

“బూడిదేసి, చింతపండేసి కడిగినా నాయనా.”

“యాడ కడిగినావు?”

“జలదారిలోనే.”

అత్త తిట్టలేదు. తిడితే బాగుండేది. నాకిన వేలిని కొంగుకు తుడుచుకుని, తుడుచుకుని, కవ్వం తీసి బీబమ్మ చేతిలో పెట్టింది. “ఇది నీకేలే, మళ్ళా తేవాకు” అంది. తర్వాత నాయన వైపు తిరిగింది.

“అన్నా, ఒక్క ఆషాఢమేనా? శ్రావణం గూడా ఉంచుకో.”

దొనకొండ స్టేషన్లో దిగాక నాయన, “తల్లీ, మీయమ్మ సల్ల చిలికేటప్పుడు నువ్వు ఆ పక్కకు పోవాకు” అన్నాడు.

నేను ఆ స్టేషను రాళ్ళ మీద నిలబడే, తూర్పుకు తిరిగి, నిండు మనసుతో ఒట్టు పెట్టుకున్నాను: ఇకమీదట ప్రాణం పోయినా సరే, గోడకు ఆ వైపు బీబమ్మ లేదని చూసుకోకుండా తూమును చిలకను.