జ్వరం కాదు

మన్యంలో జ్వరం వచ్చినవాడికి అందరూ చుట్టాలే. దుప్పటి కప్పుతారు, చోడి అంబలి కాచి పోస్తారు. నాకు వచ్చింది జ్వరం కాదు. అదే నా ఖర్మ.

దొరల మీద మన్యం తిరగబడ్డ పితూరీ సద్దుమణిగిన కొత్తల్లో, అనంతగిరి కొండల్లో ఒక చిన్న ఆసుపత్రిలో కాంపౌండరుగా చేరాను. అదే నా మొదటి ఉద్యోగం. పై డాక్టరు వచ్చి చూసి సరేనంటే ఖాయం, లేదంటే మూట సర్దుకోవాలి. పని నాకు బాగా వచ్చు. కానీ సంతరోజున గుమ్మం ముందు జనం వరసకట్టగానే గుండె దడదడలాడేది, ఊపిరి అందేది కాదు. కొలగ్లాసు పట్టుకున్న చేయి వణికి మందు బల్లమీద ఒలికేది. చచ్చిపోతున్నాననిపించేది. చచ్చేవాణ్ణి కాదు. మళ్లీ సంతకు మళ్లీ అదే.

"ఆడపిల్లలా ఆ వణుకేమిటయ్యా?" అనేవాడు మా డాక్టరు, రోగులందరి ముందూ. నాకు ఒళ్లు మండిపోయేది.

ఆసుపత్రి బంట్రోతు ఒకరోజు నన్ను పక్కకు పిలిచాడు. "జొరమని సెప్పండి బాబూ. జొరమంటే ఎవులూ ఏటీ అనరు. దడంటే మాత్రం పిచ్చంతారు."

అలాగే చెప్పాను. ఆ క్షణం నుంచి డాక్టరుకు నామీద ఎక్కడలేని ప్రేమ పుట్టుకొచ్చింది. రోజూ పొద్దున్నే బంట్రోతు చేత క్వినైను తెప్పించి తన ఎదుటే తాగించేవాడు. నోరంతా చేదు, చెవుల్లో హోరు. దడ మాత్రం ఎక్కడికీ పోలేదు. లేని జ్వరానికి మందు తాగుతూ, ఉన్న బాధను దాచుకుంటూ ఉద్యోగం చేయడమంత దిక్కుమాలిన పని ఇంకొకటి లేదు.

చివరికి నా దారి నేనే చూసుకున్నాను. ఎవరూ చూడకపోతే నా చేయి వణకదు. సంతరోజున తెల్లవారేసరికే మందులన్నీ కొలిచి, సీసాల్లో పోసి, బిరడాలు బిగించి పెట్టేవాణ్ణి. జనం వచ్చాక, వాళ్లు తెచ్చుకున్న ఆనపబుర్రల్లోకి గరాటా పెట్టి వంపడమే. దడ వచ్చినా చుక్క ఒలికేది కాదు. దీనికి మా డాక్టరు పెట్టిన పేరు సోమరితనం.

పై డాక్టరు సంతరోజునే దిగాడు. సీసాల వరస చూసి, "భేష్, ఈ ఏర్పాటు ఎవరిది?" అన్నాడు.

"నాదేనండి," అన్నాడు మా డాక్టరు, రెప్పయినా వేయకుండా. "ఈ కుర్రాడికి మన్యం జ్వరం వస్తే నేనే నయం చేశాను."

నోరు మూసుకుంటే ఉద్యోగం ఖాయం. తెలిసీ ఊరుకోలేకపోయాను.

"నాకు జ్వరం లేదండి. ఎన్నడూ రాలేదు. నాది గుండె దడ, భయం. జనం చూస్తుంటే చేతులు వణుకుతాయి. అందుకే ముందే కొలిచి పెట్టుకుంటున్నాను. ఇప్పుడూ వణుకుతున్నాయి, చూడండి."

చేతులు చాచాను. ఆయన చేతులకేసి చూశాడు, బల్లకేసి చూశాడు. బల్ల పొడిగా ఉంది. "సరే, పని కానీ," అని సాయంత్రం దాకా నా పక్కనే కూర్చున్నాడు. వెళ్తూ వెళ్తూ ఉద్యోగం ఖాయం చేశాడు. దడ గురించి మాత్రం ఒక్క ముక్క అడగలేదు. ఆ కోపం నాకు ఇప్పటికీ తగ్గలేదు.

మర్నాడు పొద్దున బంట్రోతు ఎప్పటిలాగే క్వినైను గ్లాసు తెచ్చాడు. "డాట్రుబాబు తాగమన్నారు. మీది జొరమేనంట."

గ్లాసు అందుకుని గుమ్మంలోకి వెళ్లాను. గొంగడి కప్పుకుని, పళ్లు టకటకలాడుతుండగా ఒక ముసలాయన కూర్చుని ఉన్నాడు. ఆ మందు ఆయన చేత తాగించాను. ఆయనకు నిజంగానే జ్వరం.